హెరాల్డ్ కారు అవుట్‌రిగర్లు మారిస్తే వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారా?

అందరికీ నమస్కారం. మాది హన్మకొండ. మా పెద్దనాన్న వాడిన 1966 మోడల్ రెండు డోర్ల స్టాండర్డ్ కంపెనీ హెరాల్డ్ కారును బాగు చేయిస్తున్నాను. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు పుట్టింది ఈ హెరాల్డ్ డిజైన్ నుంచే, అందుకే దీన్ని తుక్కుకు ఇవ్వడానికి మనసొప్పలేదు. బండి ఏళ్ల తరబడి షెడ్డులోనే ఉంది. మేస్త్రీ మంచి పనిమంతుడే, కానీ పెళ్లిళ్ల సీజన్ అంటాడు, బతుకమ్మ అంటాడు, మేడారం జాతర అంటాడు. ఈలోపు చాసిస్ నుంచి పక్కలకు వచ్చి బాడీని మోసే ఇనుప చేతులు, అంటే అవుట్‌రిగర్లు, తుప్పుపట్టి చేత్తో నొక్కితే రాలిపోతున్నాయి.

ఇప్పుడు అసలు టెన్షన్ ఇది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారుకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు, కానీ చాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో మార్పులు ఉండకూడదు. పాత కొలతలతోనే కొత్త అవుట్‌రిగర్లు వెల్డింగ్ చేయిస్తే అది రిపేరా, మార్పా? తెలంగాణలో ఎవరికైనా ఇలాంటి బండి పాసైందా? ముందుగా ఏయే ఫొటోలు తీసి పెట్టుకోవాలి?

ఇంకోటి, బాడీ చాసిస్ మీద ఉండగానే వెల్డింగ్ చేస్తానంటున్నాడు మేస్త్రీ. దించితే డోర్ల సందులు మళ్లీ కుదరవట. దించకుండా చేయించినవాళ్లు ఉంటే ఎలా వచ్చిందో చెప్పండి. వరంగల్, కరీంనగర్ వైపు ఇలాంటి పాత బండ్లు చూసే వెల్డర్ ఉన్నా చెప్పండి, బండిని లారీ మీద పంపిస్తాను.