కంటెయినర్ల మీటప్‌లో పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి?

చర్చను ప్రారంభించిన సభ్యుడు:

వచ్చే నెల మన మీటప్‌లో కంటెయినర్ల (ఒక ప్రోగ్రామ్‌ను, దానికి కావాల్సినవాటితో కలిపి, మిగతావాటి నుంచి వేరుగా నడిపే పద్ధతి) గురించి రెండు గంటల శిక్షణ పెట్టాలని నిర్ణయించాం. వచ్చేవారిలో చాలామందికి ప్రోగ్రామింగ్ తెలుసు కానీ కంటెయినర్లతో పరిచయం లేదు. ఉద్యోగ ప్రకటనల్లో, అనేక యంత్రాల మీద కంటెయినర్లను నడిపించే కుబెర్నెటీస్ పేరే కనిపిస్తోంది కాబట్టి నేరుగా దానితోనే మొదలుపెడదామని కొందరు, ముందు ఒక్క కంటెయినర్‌ను విప్పి చూపిద్దామని మరికొందరు అంటున్నారు. మీ అభిప్రాయాన్ని కారణాలతో సహా చెప్పండి.

సర్వర్ల నిర్వహణలో ఉన్న సభ్యురాలు:

నాది రెండో పక్షం. కంటెయినర్ అంటే చిన్న వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన మరో కంప్యూటర్) అనే అపోహతో వచ్చినవారు అదే అపోహతో తిరిగి వెళ్తే, మనం ఆ రెండు గంటలూ వృథా చేసినట్టే. అది లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) మీద నడిచే మామూలు ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్. దానికి ఏం కనిపించాలో నేమ్‌స్పేస్‌లు, అది మెమరీని, ప్రాసెసర్‌ను ఎంత వాడుకోవాలో సీగ్రూప్‌లు అనే కెర్నెల్ సదుపాయాలు నిర్ణయిస్తాయి. దానికి సొంత కెర్నెల్ ఉండదు.

ఇది తెలియక మేము పడ్డ అవస్థ చెబుతాను. గతంలో నేను పనిచేసిన చోట ఒక జావా సర్వీసు కుబెర్నెటీస్‌లో మాటిమాటికీ పడిపోయి మళ్లీ లేచేది. ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ఆగినప్పుడు మిగిలే సంఖ్య) 137 అని లాగ్‌లో కళ్లకు కడుతున్నా, మా బృందమంతా రెండు రోజుల పాటు కుబెర్నెటీస్ సెట్టింగులుండే యామ్ల్ ఫైళ్లనే తిరగేసింది. 137 అంటే 128కి 9 కలిపిన సంఖ్య. ఆ 9 సిగ్‌కిల్ సంకేతం. అంటే ప్రాసెస్ తనంతట తాను ఆగలేదు, బయటి నుంచి చంపేశారు. కంటెయినర్‌కు మేము పెట్టిన మెమరీ పరిమితి 1 జీబీ. మేము వాడుతున్న పాత జావా 8కు ఆ పరిమితి కనిపించదు కనుక, అది యంత్రంలోని 16 జీబీని చూసి, అందులో నాలుగో వంతు, అంటే 4 జీబీ దాకా హీప్ (ప్రోగ్రామ్ తన డేటాకు వాడే మెమరీ) పెంచుకోవచ్చని లెక్క వేసుకుంది. 1 జీబీ దాటబోగానే కెర్నెల్ దాన్ని చంపేది. ఈ లోపాన్ని జావా 10లోనూ, జావా 8కి వచ్చిన 191వ అప్‌డేట్‌లోనూ సరిచేశారు. యామ్ల్‌లో వెతికితే దొరికే జవాబు కాదిది.

అప్లికేషన్లు రాసే సభ్యుడు:

మీ అనుభవాన్ని కాదనను. కానీ మొదటిసారి వచ్చినవారికి ముందు ఆసక్తి కలగాలి. ఈ రంగం చరిత్ర కూడా నా మాటనే బలపరుస్తుంది. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో, ప్రోగ్రామ్‌లను వేరుచేసి నడిపే జైల్స్ 2000లోనే వచ్చాయి. సీగ్రూప్‌లు 2008 జనవరిలో విడుదలైన లినక్స్ 2.6.24 కెర్నెల్‌లో చేరాయి, లినక్స్‌లో కంటెయినర్లను నడిపే ఎల్‌ఎక్స్‌సీ కూడా ఆ ఏడాదే వచ్చింది. అయినా సామాన్య డెవలపర్లు వాటి జోలికి పెద్దగా పోలేదు. 2013 మార్చిలో పైతాన్ డెవలపర్ల పైకాన్ సభలో సాలమన్ హైక్స్ ఐదు నిమిషాల ప్రసంగంలో, కంటెయినర్లను తేలికగా తయారుచేసి నడిపే డాకర్‌ను చూపించాకే అందరి దృష్టీ ఇటు మళ్లింది. లోపలి యంత్రాంగం కొత్తది కాదు, సౌలభ్యం కొత్తది. కుబెర్నెటీస్‌లో నడుస్తున్న పాడ్‌ను (ఒకటి లేదా కొన్ని కంటెయినర్ల గుంపును) మనమే తొలగించి, దాని స్థానంలో మరొకటి దానంతట అదే లేవడం చూపిస్తే కలిగే ఆశ్చర్యం నేమ్‌స్పేస్‌ల వివరణతో కలగదు.

సర్వర్ల నిర్వహణలో ఉన్న సభ్యురాలు:

చరిత్ర గురించి మీరు చెప్పింది నిజం, నేను దాన్ని తక్కువగా అంచనా వేశాను. అయితే ఆ ఐదు నిమిషాల్లో ఆయన చూపించింది క్లస్టర్‌ను (కలిసి పనిచేసే యంత్రాల గుంపును) కాదు, ఒక్క కంటెయినర్‌ను. కుబెర్నెటీస్‌ను ప్రకటించింది 2014 జూన్‌లో.

ఆసక్తి కలిగించడానికి ఒక చిన్న ప్రయోగం ఉంది. పైతాన్‌లో ఒక చిన్న వెబ్ సర్వర్ రాసి, డాకర్‌ఫైల్‌లో (కంటెయినర్ తయారీ సూచనలుండే ఫైల్‌లో) దాన్ని ప్రారంభించే ఆదేశాన్ని షెల్ రూపంలో, అంటే మామూలు పంక్తిగా ఇవ్వండి. కంటెయినర్‌ను ఆపమని చెప్పాక చాలా సందర్భాల్లో సరిగ్గా 10 సెకన్లు గడిచేదాకా అది ఆగదు, ఎందుకంటే కంటెయినర్‌లో 1వ నంబరు ప్రాసెస్‌గా కూర్చున్నది ఆదేశాలను నడిపే షెల్. దానికి ఆగమని కోరే సిగ్‌టర్మ్ సంకేతం అందినా అది లోపలి పైతాన్‌కు చేరవేయదు. 10 సెకన్లు చూసి డాకర్ సిగ్‌కిల్ పంపుతుంది. అదే ఆదేశాన్ని చదరపు బ్రాకెట్లలో జాబితాగా రాసి, పైతాన్‌లో సిగ్‌టర్మ్‌ను అందుకునే రెండు పంక్తులు చేరిస్తే కంటెయినర్ వెంటనే ఆగుతుంది. గదిలో అందరూ ఆ 10 సెకన్లూ మౌనంగా ఎదురుచూస్తే చాలు, ‘ఎందుకిలా?’ అనే ప్రశ్న వాళ్ల నోటి నుంచే వస్తుంది. కుబెర్నెటీస్‌లో పాడ్‌ను తొలగించినప్పుడు ఇదే గడువు 30 సెకన్లు.

చర్చను ప్రారంభించిన సభ్యుడు:

ఒక సందేహం. విండోస్, మ్యాక్ ల్యాప్‌టాప్‌లలో లినక్స్ కంటెయినర్లు లోపల దాగిన ఒక లినక్స్ వర్చువల్ మెషీన్‌లో నడుస్తాయి కాబట్టి, బయటి ప్రాసెస్‌ల జాబితాలో కంటెయినర్‌లోని ప్రాసెస్ కనిపించదు. అది మామూలు ప్రాసెస్ అని నిరూపించాలంటే అందరికీ అందుబాటులో ఒక లినక్స్ సర్వర్ ఉండాలి. ఆ ఏర్పాటు నేను చేస్తాను.

అప్లికేషన్లు రాసే సభ్యుడు:

10 సెకన్ల ప్రయోగం నాకు నచ్చింది, అదే మొదట పెట్టండి. కుబెర్నెటీస్‌ను పూర్తిగా వదిలేయడానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. చివరి అరగంట నాకు కావాలి. క్లస్టర్ స్థితిని భద్రపరిచే ఎట్‌సీడీని మూడు వేరే యంత్రాల మీద నడిపి, ఒకదాన్ని ఆపుతాను, ఏమీ కాదు. రెండోదాన్ని కూడా ఆపితే మెజారిటీ పోతుంది కనుక కొత్త మార్పు ఏదీ నమోదు కాదు. అయినా వర్కర్ యంత్రాల మీద అప్పటికే నడుస్తున్న కంటెయినర్లు నడుస్తూనే ఉంటాయి. అవి ఎందుకు ఆగలేదో ఆ క్షణంలో మీరు వివరించండి, ఎందుకంటే ఆ జవాబు మళ్లీ మీ కెర్నెల్ దగ్గరికే వస్తుంది.