అప్‌డేట్: థైరాయిడ్ మాత్ర, ఐరన్ మాత్ర, మధ్యలో కాఫీ

థైరాయిడ్ మాత్ర రోజూ వేసుకుంటున్నా, గర్భం మూడో నెలలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందు చాలకపోతే రక్తంలో పెరిగే హార్మోను) 6.8కి ఎందుకు పెరిగిందని ఇదివరకు ఇక్కడ అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

తప్పు నాదే. మాత్ర మింగిన పది నిమిషాలకే కాఫీ, టిఫిను కాగానే ఐరన్ మాత్ర. ఐరన్, కాల్షియం రెండూ ఆ మందును ఒంటికి పట్టనివ్వవట. నాలుగు గంటల ఎడం ఉండాలన్నారు డాక్టరుగారు. పైగా గర్భంలో మందు అవసరమూ పెరుగుతుందని 75 మైక్రోగ్రాములను 100 చేశారు. నాలుగు వారాలకోసారి రక్తపరీక్ష.

అప్పటి నుంచి ఐదున్నరకు అలారం. మాత్ర, గ్లాసుడు నీళ్లు, మళ్లీ నిద్ర. ఆరున్నర దాకా కాఫీ గ్లాసు మీద మూత పెట్టి, గడియారం వంక చూస్తూ కూర్చునేవారు మా అత్తయ్యగారు. నాకంటే ఆవిడకే అది పెద్ద పరీక్ష! ఐరన్ మధ్యాహ్నానికి, కాల్షియం రాత్రికి మారాయి. తర్వాతి పరీక్షలో టీఎస్‌హెచ్ 3.1కి, ఆపైన 1.9కి దిగింది.

పోయిన వారం పాప పుట్టింది, 2.9 కిలోలు. మూడో రోజున మడమ దగ్గర రక్తపు చుక్క తీసి థైరాయిడ్ చూశారు, బాగానే ఉంది. సూది గుచ్చినప్పుడు పాపకంటే నేనే ఎక్కువ ఏడ్చాను. నా మాత్ర మళ్లీ 75కి దించారు, ఆరు వారాలకు పరీక్ష.

బిడ్డకు మంచిది కాదు, మందు మానేయమన్న పక్కింటి పిన్నిగారు నిన్న ఉయ్యాల దగ్గరకు వచ్చి వెళ్లారు. ఆ మాట ఎత్తలేదు.