పీఎఫ్‌ఎం బ్రిడ్జికి ఆకుపచ్చ ఛాయ: ఫర్నేసా, మెటలా?

బెజవాడ ల్యాబ్: పీఎఫ్‌ఎం, అదే మెటల్ మీద పింగాణీ కాల్చిన పళ్ల బ్రిడ్జి, ఏ2 షేడ్ (పంటి రంగు నంబరు). గ్లేజ్ (చివరి మెరుపు కాల్పు) అయ్యాక పంటి మెడ దగ్గర ఆకుపచ్చ ఛాయ. పింగాణీ పౌడర్ మార్చినా అదే తంతు. డాక్టరుగారు వెనక్కి పంపేశారు. ఇక్కడ వోల్టేజీ కూడా నిలకడగా ఉండదు, దానివల్లంటారా?

సిరామిక్ బాబాయ్: మెటల్ పేరు చెప్పకుండా అడిగితే ఎలా తమ్ముడూ? పల్లేడియం-సిల్వర్ అయితే ఇంకేం వెతకక్కర్లేదు. కాల్పులో వెండి ఆవిరై పింగాణీలోకి దిగుతుంది. మఫుల్ (ఫర్నేసు లోపలి గది) గోడలకూ పట్టేస్తుంది, తర్వాత ఏ మెటల్ పెట్టినా మరకే. అది పోవాలంటే గ్రాఫైట్ బ్లాక్ ఒక్కటే పెట్టి ఫర్నేసు ఓసారి కాల్చు.

కరీంనగర్ మిల్లింగ్: ఇంకా పీఎఫ్‌ఎమ్మేనా? మెటల్ లేని జిర్కోనియా సిరామిక్‌కి మారండి, గొడవ వదులుతుంది.

గుంటూరు శీను: ఏం వదిలింది? జిర్కోనియాని కాల్చి గట్టిపరిచే మా సింటరింగ్ ఫర్నేసులో మోలిబ్డినం డైసిలిసైడ్ హీటింగ్ రాడ్ల మీది పొర రాలి, క్రౌన్లన్నీ పసుపు తిరిగాయి. తుక్కు జిర్కోనియా లోపల పెట్టి, రీజెనరేషన్ కాల్పు (రాడ్ల మీద పొర మళ్లీ కట్టేది) వేశాకే దారికొచ్చింది.

బెజవాడ ల్యాబ్: మాది నికెల్-క్రోమ్, వెండి లేదు. కాకపోతే మొన్న టెంపరేచర్ చూడ్డానికి వచ్చినతను వెండి తీగ కరిగించి చూశాడు.

సిరామిక్ బాబాయ్: దొరికాడు దొంగ!

వైజాగ్ టెక్నీషియన్: ఆపండి బాబాయ్. వెండి 962 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టే లోకమంతా దాంతో చూస్తుంది. వెంట్రుకంత తీగకి మఫుల్ పాడైపోతుందా?

సిరామిక్ బాబాయ్: కరిగాక తీసేశాడా, ఇంకా పైకి ఎక్కించి టీ తాగడానికి వెళ్లాడా? నువ్వు పుట్టకముందు నుంచి నేను పౌడర్ పేరుస్తున్నాను.

వైజాగ్ టెక్నీషియన్: వయసు చూసి షేడ్ కుదరదండీ. అంతకుముందు ఆ ఫర్నేసులో వెండి కలిసిన మెటల్ ఎవరు కాల్చారో అడగండి ముందు.

నెల్లూరు డెంటిస్ట్: నా బాధ వేరు. వెనీర్లు (పంటి ముందు అంటించే పల్చటి రేకులు) పెట్టి ఏడాది తిరక్కుండా అంచులు పసుపెక్కాయి. ల్యాబ్ వాళ్ల పనే.

గుంటూరు శీను: సిమెంట్ మీరు పెట్టి నింద మాకా? డ్యూయల్ క్యూర్ (లైటుతోనూ రసాయనంతోనూ గట్టిపడే) సిమెంట్‌లో ఉండే అమైన్ రసాయనం పోనుపోను రంగు మారుతుంది. వెనీర్లకి లైట్ క్యూర్ వాడండి సార్.

కరీంనగర్ మిల్లింగ్: స్టంప్ షేడ్ (అరగదీసిన పంటి రంగు) కూడా పంపరు. నల్లబడ్డ పంటి మీద పల్చటి ఈమ్యాక్స్ (గాజు సిరామిక్) వేయమంటారు, కింది రంగు కనబడనీయని హెచ్‌ఓ ఇంగాట్ (సిరామిక్ దిమ్మ) అంటే రేటెక్కువంటారు.

నెల్లూరు డెంటిస్ట్: రేటు మాట మీరే ఎత్తారు కాబట్టి, రీమేక్‌కి మళ్లీ బిల్లు వేసే ల్యాబ్‌లని ఏమనాలి?

బెజవాడ ల్యాబ్: అయ్యా, గ్రాఫైట్ బ్లాక్ ఎక్కడ దొరుకుతుందో చెప్పి కొట్టుకోండి.