కాల్, పుట్ అంటే అసలేంటి? మా రూమ్మేట్ చెప్తుంటే తల తిరుగుతోంది

మారతహళ్లి పీజీ:
అందరికీ నమస్తే. ఉద్యోగంలో చేరి ఏడాదైంది. నెలనెలా సిప్ కట్టడం తప్ప మార్కెట్ గురించి తెలియదు. మా రూమ్మేట్ తొమ్మిదింపావు అయిందంటే బాత్రూమ్‌లోకి కూడా ఫోన్ పట్టుకెళ్తాడు. పోయిన వారం ఆరు వేలు పెట్టి తొమ్మిది వేలు తీశాడు, ఆ రాత్రి అందరికీ బిర్యానీ. "కాల్ కొంటే పోయేది ప్రీమియమే, వచ్చేదానికి లెక్కే లేదు" అంటాడు. నిజమేనా? నా దగ్గర 20 వేలున్నాయి. ఇంట్లో చెప్పలేదు.

పాత బీటీఎం:
తమ్ముడూ, మీవాడు అబద్ధం చెప్పలేదు, సగం చెప్పాడు.

హొసకోటెలో సైటు 60 లక్షలన్నారనుకో. లక్ష బయానా ఇచ్చి, మూడు నెలల్లోపు ఇదే రేటుకు తీసుకునేలా అగ్రిమెంట్ రాయించుకున్నావు. రేటు 70కి పోతే నీ పంట పండినట్టే. 50కి పడితే బయానా వదులుకుని బయటపడతావు. కాల్ అంటే ఇదే. 60 లక్షలు స్ట్రైక్, లక్ష ప్రీమియం, గడువు ఎక్స్‌పైరీ. మీవాడు చేసింది ఆ అగ్రిమెంట్ కాగితాన్నే మధ్యలో ఎక్కువకు అమ్ముకోవడం. పుట్ దీనికి తిరగేసి, ఫలానా ధరకు అమ్ముకునే హక్కు. షేర్లున్నవాడికి ఇన్సూరెన్స్ లాంటిది. ఈ రెంటినీ కలిపి ఆప్షన్లంటారు.

మిగతా సగం నా అనుభవంతో చెప్తా. నిఫ్టీ, అంటే 50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ, 25,000 దగ్గరున్నప్పుడు 25,200 స్ట్రైక్ కాల్ ఒక్కోటి 80 రూపాయల చొప్పున రెండు లాట్లు కొన్నా. ఆప్షన్లు విడిగా దొరకవు, ఇలా కట్టలుగానే కొనాలి. అప్పట్లో లాట్ 75, ఇప్పుడు 65 చేశారు. మొత్తం 12,000. కొన్నది గురువారం, ఎక్స్‌పైరీ మంగళవారం. శుక్రవారం నిఫ్టీ కదల్లేదు. శని, ఆదివారాలు మార్కెట్‌కి సెలవు కానీ గడువుకి సెలవుండదుగా, సోమవారానికి నా 80 కాస్తా 35 అయింది. మంగళవారం నేననుకున్నట్టే నిఫ్టీ పెరిగింది, 25,150 దగ్గర ఆగింది. ఆఫీసు మెట్ల మీద నిలబడి చూస్తున్నా. నిఫ్టీ పచ్చగా ఉంది, నా కాల్ 5 పైసలు. ముగింపు 25,280 దాటుంటేనే నాకు మిగిలేది, బ్రోకరేజీ, ఎస్‌టీటీ (లావాదేవీ పన్ను) కాకుండా. పెరుగుతుందని కనిపెడితే చాలదు, ఎంత పెరుగుతుంది, ఏ రోజులోపు అన్నదీ తగలాలి. రోజూ అలా కరిగిపోయేదాన్నే థీటా అంటారు. అది ఆప్షన్ అమ్మినవాడికి లాభం. అలాగని నువ్వు అమ్మడానికి దిగకు, కాల్ అమ్మితే నష్టానికి హద్దుండదు, దానికి ముందే హామీగా పెట్టాల్సిన సొమ్ము, మార్జిన్ కూడా నీ 20 వేలకు అందదు.

మార్కెట్‌ని నియంత్రించే సెబీ లెక్క తీస్తే 2021-22 నుంచి మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్లు) చేసిన మనలాంటి వాళ్లలో 93 శాతం మంది నష్టపోయారు. బిర్యానీ లేని వారాల్లో మీవాడి సంగతేంటో అడుగు.

వైట్‌ఫీల్డ్ అక్క:
ఆయన చెప్పింది నిఫ్టీ సంగతి, అక్కడ డబ్బుతోనే తేలిపోతుంది. కంపెనీ షేర్ల ఆప్షన్లు అలా కాదు. 2019 అక్టోబర్ నుంచి అన్నిటికీ ఎక్స్‌పైరీలో షేర్లే చేతులు మారాలి. మా తమ్ముడు పుట్ కొని, లాభంలో ఉందని మురిసిపోతూ చివరిదాకా ఉంచాడు. పుట్ అంటే అమ్మే హక్కు కదా, వాడి దగ్గర అమ్మడానికి ఒక్క షేరు లేదు! వేలంలో కొని ఇవ్వాల్సి వచ్చి, వచ్చిన లాభం పోగా ఎదురు కట్టాడు. కాబట్టి ఎక్స్‌పైరీకి ముందే అమ్మేసెయ్.

ఇంకోటి, లాభమైనా నష్టమైనా వ్యాపార ఆదాయం కింద చూపించాలి, మామూలుగా ఐటీఆర్-3 అనే రిటర్న్ ఫారంలో. ఫారం-16 పెట్టి ఐదు నిమిషాల్లో రిటర్న్ వేసేయడం ఇక కుదరదు.

మారతహళ్లి పీజీ:
థాంక్స్ అన్నా, అక్కా. లాభనష్టాలు మొత్తం చూపించరా అని అడిగా. ఈ నెలది మాత్రం చూపించాడు. ఏప్రిల్ నుంచి చూపించమంటే స్నానానికి వెళ్లాడు, ఫోన్ తీసుకునే.