అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ ఖాళీ చేసిన ఫ్లోర్లు ఎవరికి అద్దెకివ్వాలి?

అందరికీ నమస్కారం. మైత్రీవనం దగ్గరి సందులో నాన్నగారికి జీ ప్లస్ టూ బిల్డింగ్ ఉంది. పై రెండు ఫ్లోర్లలో ఏళ్ల తరబడి సాఫ్ట్‌వేర్ కోచింగ్ నడిచింది. 2020లో కోవిడ్‌తో క్లాసులు ఆన్‌లైన్ అయ్యాక బ్యాచ్‌లు మళ్లీ నిండలేదు. కడపలోనో కరీంనగర్‌లోనో ఇంట్లో కూర్చుని జావా నేర్చుకోగలిగినప్పుడు ఇక్కడిదాకా ఎందుకొస్తారు? ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఖాళీ చేసేశారు. కింద జిరాక్స్ షాపులో మెటీరియల్ స్పైరల్ బైండింగ్ కోసం పొద్దున్నే క్యూ కట్టేవారు, ఇప్పుడు ఆధార్ కాపీలే దిక్కు. ఆ షాపాయనా మానేస్తానంటున్నారు.

పది నిమిషాల్లో సరుకులు డెలివరీ చేసే కంపెనీ ఒకటి గ్రౌండ్ ఫ్లోర్‌ని డార్క్ స్టోర్‌కి (కస్టమర్లు రాకుండా డెలివరీ కోసమే సరుకులు పెట్టుకునే గోడౌన్) అడుగుతోంది. అద్దె బాగానే ఇస్తామంటున్నారు గానీ తొమ్మిదేళ్ల లీజు, అందులో లాక్-ఇన్, అంటే మధ్యలో లీజు రద్దు చేయకూడదన్న షరతు, మాకే. వాళ్లు మూడు నెలల నోటీసుతో వెళ్లిపోవచ్చట. ఇది నాకు అన్యాయంగా అనిపిస్తోంది. పైగా సందు ఇరుకు, అర్ధరాత్రి దాకా బైకులు ఆగితే పక్కిళ్లవాళ్లు ఊరుకోరు.

పైన లేడీస్ హాస్టల్ పెట్టిద్దామని నాన్నగారు. రెండు మెట్రో లైన్లు కలిసే స్టేషన్ కాబట్టి ఉద్యోగాలు చేసే అమ్మాయిలు వస్తారని ఆయన నమ్మకం. నాకేమో డయాగ్నస్టిక్ సెంటర్ మేలనిపిస్తోంది, కానీ లిఫ్ట్ లేదు.

డార్క్ స్టోర్‌కి ఇచ్చినవాళ్లు లాక్-ఇన్ ఇద్దరికీ సమానంగా రాయించుకోగలిగారా? క్లాస్‌రూములను హాస్టల్‌గా మార్చాలంటే బాత్రూములకూ, ఫైర్ ఎన్‌ఓసీకీ (అగ్నిమాపక శాఖ అనుమతి) ఎంత ఇబ్బంది పడాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి. నాన్నగారికి ఈ అద్దెలే ఆధారం.