స్కూలు పిల్లల్ని ఫెస్టివల్ సినిమాకి తీసుకెళ్ళడం: విశాఖలో ఏం చూసుకోవాలి?

మధురవాడ_తెలుగు: 8, 9 తరగతుల పిల్లలు 60 మందిని సిరిపురం వైపు హాల్లో ఫెస్టివల్ సినిమాకి తీసుకెళ్ళాలని ఉంది. హెచ్ఎం అనుమతి, పేరెంట్స్ సంతకాల సంగతి చూసుకుంటాం. మిగతాది తెలిసినవాళ్ళు చెప్పండి.

రీలు_డబ్బా: ముందు సర్టిఫికెట్ సంగతి తేల్చుకోండి మేడమ్. ఫెస్టివల్ సినిమాల్లో చాలావాటికి సెన్సార్ సర్టిఫికెట్ ఉండదు. మినహాయింపు తీసుకుని డెలిగేట్లకి, అంటే ఫెస్టివల్‌కి పేరు నమోదు చేసుకుని పాసు తీసుకున్నవాళ్ళకి, వేస్తారు. ఆ డెలిగేట్ పాసుకి 18 ఏళ్ళు నిండాలనే ఫెస్టివల్స్ ఉన్నాయి. ఈ మాట గేటు దగ్గర తెలిస్తే బస్సు వెనక్కి తిప్పుకోవడమే. బాలల విభాగంలోదో, సర్టిఫికెట్ ఉన్నదో అడగండి. యూ అంటే అందరూ చూడొచ్చు, యూఏ అంటే పిల్లల వయసు చూసుకుని పెద్దలు తేల్చుకోవాలి. ఆ యూఏని 2024లో 7+, 13+, 16+ అని విడగొట్టారు. 8లో 13 నిండనివాళ్ళుంటారు కాబట్టి యూ, లేదంటే యూఏ 7+ చూసుకోండి. ఆ గుర్తు పేరెంట్స్‌కి పంపే ఉత్తరంలో రాసెయ్యండి.

ఇంకోటి, పాసు ఉంటే సీటు ఉన్నట్టు కాదు. ముందొచ్చినవాళ్ళకే సీటు. ఎన్ని వరుసలు ఆపుతారో నిర్వాహకుల చేత రాయించుకోండి.

గాజువాక_సోషల్: ఇంటర్వెల్ ఉండదు! మన పిల్లలకి గంట దాటితే లేచే అలవాటు. ఒకడు బాత్రూమ్‌కి లేస్తే వెనకాలే పదిమంది. షోకి అరగంట ముందే అందరినీ పంపాలి, ‘మధ్యలో విరామం లేదు’ అని బస్సులోనే చెప్పాలి. సినిమా 90 నిమిషాల్లోపుదైతే మంచిది. రెండు సినిమాలు పెట్టుకోకండి, రెండోదానికి సగంమంది నిద్రపోతారు.

పదిమందికో టీచరు. వరుసలో ఖాళీ లేకుండా కూర్చోబెట్టి, నడవా పక్క సీట్లో టీచరు కూర్చోవాలి. చీకట్లో తలలు లెక్కపెట్టలేం, ఖాళీ సీటు మాత్రం ఇట్టే కనబడుతుంది.

సబ్‌టైటిల్_సాయి: తొమ్మిదోవాళ్ళకైనా ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ అందుకోవడం కష్టమే. రెండు లైన్లు ఆరేడు సెకన్లకి మించి ఉండవు. ముందు క్లాసులో ఒక ట్రైలర్ శబ్దం తీసేసి వేసి చూడండి. వెనక బెంచీ వెనకబడిపోతే మాటలు తక్కువున్న సినిమా ఎంచుకోండి. నేల వాలు లేని హాలైతే ముందువాళ్ళ తలలు సరిగ్గా సబ్‌టైటిల్ మీదే పడతాయి, పొట్టివాళ్ళని ముందుకి పంపాలి. ఏసీకి ఆయాసం వచ్చే పిల్లల ఇన్‌హేలర్ టీచరు చేతిలో ఉండాలి, బస్సు బ్యాగులో కాదు.

ప్రొజెక్షన్_గది: ఆ రోజు పొద్దున హాలుకి ఫోన్ చెయ్యండి. హాలుకి సినిమా డీసీపీ అనే డిజిటల్ ఫైళ్ళుగా వస్తుంది. దానికి ఎన్‌క్రిప్షన్, అంటే తాళం, ఉంటే కేడీఎం అనే తాళంచెవి ఫైలు ఒక్క సర్వర్‌కి, ఇచ్చిన తేదీ, గంటలకే పనిచేస్తుంది. షో వేరే హాలుకి మార్చారా, కొత్త కేడీఎం వచ్చేదాకా తెర నల్లగానే. అలా ఆగితే పిల్లల్ని ఎక్కడికి తిప్పాలో ముందే అనుకోండి. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గరే, కానీ సోమవారం సెలవు.

కాన్వెంట్_జంక్షన్: గాజువాక నుంచి వచ్చేవాళ్ళు పోర్టు లారీలని లెక్కలో పెట్టుకుని గంటన్నర వేసుకోండి. మధురవాడవాళ్ళకి మద్దిలపాలెం దగ్గరే టైం పట్టేస్తుంది. నేవీ విన్యాసాల రిహార్సల్స్ ఉన్న రోజుల్లో అయితే బీచ్ రోడ్డులో ట్రాఫిక్ మళ్ళిస్తుంటారు, ట్రాఫిక్ పోలీసుల ప్రకటన చూడండి. అల్పపీడనం ఉంటే తేదీ మార్చడమే. అరవైకి ఒక బస్సు చాలదు. యాభైలోపుకి తగ్గిస్తే టీచర్లతో కలిపి సర్దుకోవచ్చేమో గానీ, సీట్లెన్నో డిపోలో అడిగాకే పేర్లు రాయండి.

మధురవాడ_తెలుగు: కథ ముందే చెప్పాలా? వర్క్‌షీట్ ఇస్తే?

రీలు_డబ్బా: కథ వద్దు. ఏ దేశం, ఏ భాష, ఎవరి గురించి, అంతవరకే. హాల్లో వర్క్‌షీట్ అసలొద్దు, కాగితం కోసం ఎవరో టార్చ్ వేస్తారు, ప్రేక్షకులు విసుక్కుంటారు. మర్నాడు క్లాసులో ఒక్క సీను గుర్తుచేసుకుని రాయమంటే చాలు.

గాజువాక_సోషల్: దర్శకుడు వస్తే అడగడానికి ఇద్దరిని సిద్ధం చెయ్యండి. తెలుగులోనే అడగనివ్వండి, అనువదించేవాళ్ళుంటారో లేదో ముందు కనుక్కోండి.

మధురవాడ_తెలుగు: తిండి?

సబ్‌టైటిల్_సాయి: బయట తిండి లోపలికి రానివ్వరు, షోకి ముందు బస్సులో పెట్టెయ్యండి. పులిహోర వద్దు మేడమ్, చేతులు కడుక్కోడానికే ఒక్క కుళాయి దగ్గర అరగంట పోతుంది. బిస్కట్లు, అరటిపండ్లు తెప్పించండి, తొక్కలకో సంచి పెట్టుకోండి.