హెల్సింకి సముద్రంలోని కోటకి అమ్మానాన్నలతో వెళ్లొచ్చా?

బొబ్బిలి పిల్ల: మాది బొబ్బిలి. జూలైలో అమ్మ, నాన్న, నేను ఫిన్లాండ్‌లోని హెల్సింకిలో అన్నయ్య దగ్గరకి వెళ్తున్నాం. వాడికి సెలవు దొరకదట, అందుకని సువోమెన్‌లిన్నా కోటకి మేం ముగ్గురమే వెళ్లాలి. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పైగా పడవ అంటేనే టెన్షన్. టూర్ బుక్ చేసుకోవాలా?

తోటపాలెం కుర్రాడు: టూర్ ఎందుకండీ, డబ్బులు దండగ. మార్కెట్ స్క్వేర్ రేవులో సిటీ ఫెర్రీ ఎక్కండి, బస్సుకీ ట్రాముకీ తీసుకునే ఏబీ జోన్ టికెట్టే దానికీ చెల్లుతుంది, పావుగంటలో దింపేస్తుంది. దీవిలో తిరగడానికి టికెట్ లేదు, మ్యూజియంలకే. నేను మొదటిసారి తెలీక ప్రైవేటు బోటు ఎక్కేసి, జేబులో డే టికెట్ ఉండగానే మళ్లీ డబ్బులు కట్టాను. అమ్మగారికి చెప్పండి, అది కళింగపట్నం తెప్ప కాదు, లోపల సీట్లున్న పెద్ద ఫెర్రీ.

వంశధార ఒడ్డు: మోకాళ్ల సంగతి తేలిగ్గా తీసుకోకండి. చాలాచోట్ల దారికి గుండ్రాళ్లు పరిచి ఉంటాయి, మా అత్తగారు హవాయి చెప్పులతో వచ్చి సగం దారిలోనే కూలబడిపోయారు. బూట్లు వేయించండి. రేవు నుంచి కింగ్స్ గేట్ అనే కోట ద్వారం దాకా నీలం బోర్డుల దారి కిలోమీటరున్నర, తిరిగి రావాలి కూడా కదా. అంత నడవలేకపోతే చర్చి దాకా చాలు, దాని గోపురం మీదే లైట్‌హౌస్ ఉంటుంది. జూలై అయినా గాలి కోసేస్తుంది, స్వెటర్లు మర్చిపోవద్దు. కోట గోడల అంచుల్లో రెయిలింగ్ ఉండదు, ఫొటోల కోసం నాన్నగారిని వెనక్కి జరగమనకండి. తినడానికి పులిహోర పట్టుకెళ్లి గడ్డిలో కూర్చోండి, కానీ సీగల్స్‌తో జాగ్రత్త, నా చేతిలో అరిసె తన్నుకుపోయింది ఒకటి.

కోటల పిచ్చోడు: బొబ్బిలి వాళ్లు కాబట్టి ఒక మాట. ఫిన్లాండ్ స్వీడన్ ఏలుబడిలో ఉన్నప్పుడు 1748లో ఎరెన్‌స్వార్డ్ అనే అధికారి ఈ కోట కట్టించడం మొదలుపెట్టాడు. 1757లో మన బొబ్బిలి యుద్ధం జరిగేనాటికి అక్కడ ఇంకా రాళ్లు పేరుస్తూనే ఉన్నారు. తీరా 1808లో రష్యా వాళ్లు ముట్టడిస్తే రెండు నెలలకే అప్పగించేశారు, అంత గోడ కట్టి! 1855లో ఇంగ్లీషు, ఫ్రెంచి ఓడలు గుండ్ల వర్షం కురిపించాయి. 1991 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. ఇప్పటికీ దాదాపు 800 మంది కాపురాలున్నారు, పాడుబడ్డ కోట అనుకోకండి. వేసవిలో వెసిక్కో సబ్‌మెరైన్ లోపలికి వెళ్లి చూడొచ్చు, చాలా ఇరుకు, అమ్మగారిని బయటే కూర్చోబెట్టండి.

బొబ్బిలి పిల్ల: థాంక్సండీ అందరికీ. నాన్నకి చదివి వినిపిస్తే "కోట ఇచ్చేశారా!" అని ఇప్పటికి మూడుసార్లు అన్నారు. అమ్మేమో అరిసెలు గట్టి మూతున్న డబ్బాలో పెడతానంటోంది.